దాణా బకెట్టు చూపించి

అక్కా, నా చేతి కట్టు విప్పేశారు. నేను బాగానే ఉన్నాను, బావను కంగారు పెట్టకు.

ఇక్కడ ముసలి గుర్రాన్ని అమ్మేశారు. ఎర్ర గుర్రానికి అది ఏడేళ్ల జోడు. "ఎర్రదానికి దాణా పెట్టు, అది తింటుండగా ముసలిదాన్ని తోలుకుపోతాం" అన్నాడు యజమాని. పెట్టాను. అది తలెత్తి చూసేసరికి పక్కన జోడు లేదు. ఒక్కసారిగా గేటు మీదికి దూకింది. ఆ విసురుకే గేటు నా చేతి మీద పడింది. ఇప్పుడు బకెట్టు కనబడితే చాలు, మూతి తిప్పేసుకుని గేటు వైపు చూస్తూ చెమటలు కక్కుతోంది. పశువుల డాక్టరు వచ్చి నన్నే తిట్టాడు. "రోజూ కాసేపు విడదీసి, మళ్లీ కలిపి అలవాటు చేయాలయ్యా. తీసుకెళ్లేది దాని కళ్లముందే తీసుకెళ్లాలి. తిండి చూపించి మోసం చేస్తే ఇక తిండినెలా నమ్ముతుంది?" అన్నాడు. యజమాని గుర్రానికి తోడని ఒక మేకను తెచ్చి కట్టాడు. నేను సెలవడిగితే గుర్రం బెంగ తీరాక చూద్దామన్నాడు.

బావ మోకాలు ఎలా ఉంది? వెనక తలుపు గడియ బాగుచేయించు.

కంచం ముందు పెడితే నా పాప ఆ తలుపు వైపే చూస్తోందనీ, మొండిఘటమనీ రాశావు. మొండితనం కాదక్కా. పోయినసారి "తింటోంది, ఇప్పుడే జారుకో" అన్నది నువ్వు, జారుకున్నది నేను. దాన్ని కొట్టకు.

బావకు నమస్కారాలు. ఈసారి వచ్చి వెళ్లేటప్పుడు పాపకు చెప్పే బయల్దేరతాను. ఏడిస్తే ఏడవనీ, అన్నమైనా తింటుంది.