నారాయణపేటకు వచ్చే చీరల సేటు

1998 నవంబరు, మంగళవారం

నర్సప్ప పోయి ఇరవై రోజులైందట. ఈ రోజు నారాయణపేటలో అతని ఇంటికి వెళ్లాకే తెలిసింది.

హెచ్ఐవీ, హెపటైటిస్ సి రెండూ ఉన్నవాళ్లను ఏళ్ల తరబడి గమనించే పరిశోధన మాది. నాలుగేళ్లుగా ఆర్నెల్లకోసారి అతన్ని లాడ్జికి పిలుచుకెళ్లి రక్తం తీసుకున్నాను. మందు మాత్రం ఒక్కటీ ఇవ్వలేకపోయాను. "మా ఆమెకు చెప్పకు సారూ" అని బతిమాలాడు. అందుకే ఆ ఇంట్లో నేను చీరలు కొనే సేటునయ్యాను.

అతను సగంలో వదిలిన చీరను భార్య బాలమణి నేస్తోంది.

"ఆయన లేకున్నా నీ చీర ఆగది సేటూ, నేను నేస్త. నెలసంది జరం ఇడుస్తలేదు. జర ఆలస్యమైతది, గంతే" అంది.

ఆమెకు వెంటనే పరీక్ష చేయాలి. సిరంజి నా సంచిలోనే ఉంది. కానీ చెప్పనని చనిపోయినవాడికి మాటిచ్చాను.

"తొందరేం లేదమ్మా" అని చెప్పి బస్సెక్కాను.

తొందర లేదని చీరల సేటు అనవచ్చు. నేనెలా అన్నాను?