రెక్కల్లేని మంచు ఈగ

పాడేరు,
1923 డిసెంబరు 12

తమ్ముడు సుందరరామానికి, అక్క దీవెనలు.

పూజ మధ్యలోనే లేచి రాస్తున్నాను. నీ పురుగుల పరిశోధనకు ఈగలు పట్టి ఇచ్చే సుక్రును పోలీసులు పట్టుకెళ్లారు. శిఖరం మీద దాక్కున్న తిరుగుబాటుదారులకు తిండి మోశాడట. అతని సీసాలో రెక్కల్లేని మంచు ఈగ ఒకటి దొరికింది. అది శిఖరం మీదే బతుకుతుందని ఫారెస్టు దొర చెప్పాడు. మిగిలినవన్నీ వాగు గుహలోని చలికి అలవాటుపడ్డ రెక్కల ఈగలే.

“నాను పైకెల్లనేదమ్మా, గుహకాడే పట్టినాను!” అని సుక్రు మొత్తుకున్నాడు.

నిజమే. ఆ మంచు ఈగ నువ్వు ఇక్కడ వదిలివెళ్లిన సీసాలో ముందే ఉంది; చచ్చిన ప్రాణిని పారేయడానికి చెయ్యాడక, సీసాను అలాగే అతనికిచ్చింది నేను. సీసా ఇచ్చింది నేనేనని, ఈగ అందులో ముందే ఉందని ఇన్‌స్పెక్టరుకు చెప్పాను.

“మరి దాన్ని పైనుంచి తెచ్చిందెవరు?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

నీ పేరు నోట రాలేదు.

సోమవారం సుక్రును జైలుకు పంపుతారు. ఈగల కోసమే శిఖరమెక్కానని నువ్వే వచ్చి చెప్పు. రాకపోతే నేను చెబుతాను.

నీ అక్క