పౌర్ణమి దాకా మౌనం

కిరండూల్

పెద్దక్కకు నమస్కారాలు. వైద్యులు నోరు తెరవొద్దన్నారు గాని రాయొద్దనలేదు, అందుకే ఇన్నాళ్లకి కలం పట్టాను. నిద్ర లేక, ఊరికే కన్నీళ్లొస్తుంటే చూపించుకున్నాను. మనసులో రజోగుణం పెరిగిందని బ్రాహ్మీఘృతం ఇచ్చి, పౌర్ణమి దాకా మౌనం పాటించమన్నారు. నేను మాట్లాడడం లేదని మీ మరిదికి ఇంకా తెలియదు. రైలు డ్యూటీ నుంచి వచ్చి వ్యాగన్ల కబుర్లు చెప్పి, "అంతే గదేటి?" అంటారు. తలూపుతాను.

నిన్న సంతలో బేరమాడకుండా ఆకుకూర తీసుకుంటే, అమ్మే గోండు ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "క్యా హువా దీదీ? ఎప్పుడూ పోట్లాడతావు, ఈరోజు నామీద కోపమా?" అంది. ఏడుపు ఆపుకుని ఇంటికొచ్చి పడుకుంటే హాయిగా నిద్రపట్టింది. అది మౌనం వల్లో, ఆవిడ అడిగినందువల్లో తెలియడం లేదు. అసలు నాది మౌనమో, అలకో కూడా తెలియడం లేదు. వ్రతం మధ్యలో వదిలితే దోషమా? నువ్వే చెప్పాలి.

నీ మోకాలు ఎలా ఉంది? బావగారికి నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు. వచ్చే వారం మీ మరిది డ్యూటీ మీద విశాఖ వస్తున్నారు. చింతకాయ పచ్చడి ఆయనతో పంపు. ఈ కార్డు మాత్రం దాచుకో, ఆయనకు చూపించకు. ఆయన తనంతట తానే అడగాలి.

నీ చెల్లి
జ్ఞానప్రసూన