పాత నంబరు కోసం

డాఫ్నీ,

కొత్త ఇంటర్నెట్ కంపెనీ అతను మధ్యాహ్నం వస్తాడు. టీ ఇవ్వు, కబుర్లలోకి దించకు. మన ల్యాండ్‌లైన్ ఫోను తీగ ఇకమీదట గోడకు కాదు, అతను పెట్టే డబ్బాకే తగిలించాలట. పాత నంబరే కావాలని గట్టిగా అడుగు. కొత్తది ఇస్తానంటే ఒప్పుకోకు.

పొద్దున్న ఫోను మూగబోయింది. పక్కింటికి వెళ్లి ఆ కంపెనీకి ఫోన్ చేశాను. "మార్పిడి మేమే చేస్తామండీ, పాతవాళ్లకు మీరేమీ చెప్పకూడదు. మీరే లైను మూయించేశారు, దాంతో నంబరూ పోయింది. ప్రయత్నిస్తాం గానీ మాటివ్వలేను" అంది అక్కడి అమ్మాయి.

నిన్న నువ్వే పాత కంపెనీవాళ్లకు ఫోన్ చేసి సెలవు తీసుకున్నావు కదూ. "ఇన్నేళ్లు వాడుకుని చెప్పకుండా పోతే ఏం మర్యాదక్కా" అని మొన్ననే సణిగావు. పాలవాణ్ణి మాన్పించిన రోజు అతనికి కేకు చేసిచ్చినదానివి, నిన్నేమనను?

నేను కేర్ హోమ్‌కి, మీ బావ దగ్గరికి వెళ్తున్నాను. రోజూ సాయంత్రం టీ తాగాక ఆయన మనింటికి ఫోన్ చేస్తారు. ఆయనకు గుర్తున్నది ఆ ఒక్క నంబరే. అది పలకనప్పుడు ఆయన ఒంటరిగా ఉండకూడదు.

సూప్ పొయ్యి మీద ఉంది.

అక్క

పక్కన కూర్చుంటే మాత్రం ఏం లాభంలే. నా ముఖం చూసి "ఎవరమ్మా నువ్వు" అంటారు. ఫోనులో నా గొంతు వింటేనే, "విన్నీ, ఇంకా రాలేదేం" అని అడుగుతారు.