పాటలో మోగిన సైరన్

శుక్రవారం, రాత్రి

మా సునీత బ్యాండు మొదటి పాట ఈ రోజు బయటికొచ్చింది. దేవుడా, ఎంత సంతోషం! గిటారు, డ్రమ్ములు ఒకదాన్నొకటి తరుముతుంటే నా కూతురు గొంతెత్తి పాడింది. మా బస్తర్ పిల్ల! రైల్వే క్వార్టర్లన్నిటికీ జిలేబీ పంచాను.

పాట మొదట్లో మన ఇనుప గని సైరన్ పెట్టింది. కొండ పేల్చే ముందు అది మోగితే, రాళ్లు ఎగిరొస్తాయని అందరం కప్పు కిందికి పోతాం. పొద్దున టీకొట్లో పాట పెట్టగానే ముసలివాళ్లమంతా గ్లాసులు వదిలి లోపలికి పరుగెత్తాం. ఎంత నవ్వుకున్నామో!

సాయంత్రం అసలు సైరన్ మోగింది. సందులో పిల్లలు కదల్లేదు. "దీదీ కా గానా!" అంటూ, అక్క పాటే అనుకుని గెంతుతున్నారు. వాళ్లను లోపలికి లాక్కొచ్చేసరికి నా ప్రాణం పోయింది. రాయేమీ పడలేదు.

సునీతకి ఫోన్ చేసి ఆ సైరన్ తీసెయ్యమన్నాను.

"అది తీసీమంటావేటి నాన్నా? అది లేకపోతే మనూరి పాటెలాగవుద్ది?"

"పాట బంగారమే తల్లీ. పిల్లలకేటైనా అయితే?"

చూస్తాలే అని సునీత ఫోన్ పెట్టేసింది.

రేపు మళ్లీ కొండ పేలుస్తారు. ముందే వెళ్లి సందులో నిలబడాలి. అప్పటికి ఈ పాట ఇంకెంతమంది పిల్లలకి నచ్చేస్తుందో...