నాన్న పేరు పక్కన ఖాళీ గడి

పిచ్చుకా,

ఎలా ఉన్నావని అడగను. నువ్వెలా ఉన్నా నాకంటే నయంగానే ఉంటావు. ఈ ఉత్తరం కూర్చుని చదువు. నిలబడి చదివితే సగంలో చిరాకొచ్చి అవతల పడేస్తావు, నీ సంగతి నాకు తెలియనిది కాదు.

మా ఆఫీసులో ప్రముఖుల జీవిత కోశం కొత్త కూర్పు తయారవుతోంది. పన్నెండేళ్లకోసారి వచ్చే పుస్తకం. ఈసారి అందులో నాన్నకి ఒక పేజీ ఇచ్చారు. రెండుసార్లు మేయరుగా చేసిన మనిషికి ఇవ్వక చస్తారా అంటావు, నిజమే. చిక్కంతా ఆ పేజీ పైన ఉండే చిన్న పట్టికతో వచ్చింది. పుట్టిన తేదీ, చదువు, వృత్తి, భార్య, పిల్లలు, మతం. మొదటి ఐదు గళ్లూ అరగంటలో నిండిపోయాయి. ఆరోది మూడు వారాలుగా అందరి ప్రాణం తోడేస్తోంది.

సొంతవాళ్ల గురించి సొంతవాళ్లు రాయకూడదని మా దగ్గర నియమం. అందుకని నాన్న పేజీని మా ఉప సంపాదకురాలికి అప్పగించారు. అచ్చయ్యేదాకా నేను దాని ప్రూఫు కూడా చూడకూడదు. ఆవిడ పాత పత్రికలన్నీ తిరగేసి, నాన్న మేయరుగా ప్రమాణం చేసినప్పుడు దేవుడి పేరెత్తని సంగతి పట్టుకుని, ఆ గడిలో ‘నాస్తికత్వం’ అని రాసింది. మా పెద్దాయన, అంటే ప్రధాన సంపాదకుడు, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, "ఏమ్మా, పెళ్లికాని వాడికి భార్య పేరు దగ్గర బ్రహ్మచర్యం అని రాస్తామా?" అన్నాడు. గదంతా నవ్వింది. సిగ్గు లేకుండా నేనూ నవ్వాను.

"పోనీ, ‘లేదు’ అని రాద్దామా?" అంది ఆవిడ.

"లేదంటే ఉండాల్సింది లేనట్టుంటుంది. ఇల్లు లేదు, వాకిలి లేదు అన్నట్టు."

"మరి ‘తెలియదు’?"

"తెలియకపోవడమేంటమ్మా! ఆయన మైకు పెట్టి ఊరంతటికీ చెబితేనూ!"

ఇలా సాగింది గొడవ. ఒక పాత ఇంటర్వ్యూలో నాన్న మాటే దొరికింది: "నేను దేన్ని నమ్మనో దాంతో నాకు పేరు పెట్టకండి. నేను నమ్మినవి బోలెడున్నాయి, కావలిస్తే అవి రాసుకోండి." ప్రతి ఇంటికీ మంచినీళ్ల కుళాయి రావాలని నమ్మిన మనిషి ఆయన. అలాంటివి రాసుకోవడానికి మా పట్టికలో గడి లేదు.

చివరికి పెద్దాయన తేల్చేశాడు. చనిపోయినవాళ్ల విషయంలో దగ్గరివాళ్లు ఏం రాసి సంతకం పెడితే అదే వేస్తాం, మీ అమ్మగారి దగ్గరికి వెళ్లు అన్నాడు. కాగితం పట్టుకుని అమ్మ ముందు కూర్చున్నాను. "మన మతమే రాయిరా, ఇందులో అడిగేదేముంది?" అంది, కనీసం రెప్ప కూడా వేయకుండా. నాన్న ఒప్పుకునేవాడు కాదు కదమ్మా అన్నాను. అప్పుడు తన భయం బయటపెట్టింది.

"నాకు ఎనభై ఒకటి. ఇవాళో రేపో పోయేదాన్ని. అక్కడ నన్నో చోటికీ ఆయన్నో చోటికీ పంపేస్తే నేనేం చేసేదిరా? ఆయనొక్కరూ ఎలా ఉంటారు? ఏ మాత్ర ఎప్పుడేసుకోవాలో కూడా తెలీదు. పుస్తకంలో ఉందనుకో, ఇదిగో మా ఆయన మావాడేనని చూపించుకుంటాను."

మాత్రల మాటకి నవ్వొచ్చింది గానీ, ఆమె మొహం చూశాక కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. నాన్న పోయినప్పటి నుంచి, ఈ మూడేళ్లుగా, ఆవిడ నిజంగా ఈ భయంతోనే బతుకుతోంది. పక్క గదిలో ఉన్న నాకే తెలియలేదు.

ఇంకొక సంగతి. ఇది నీకు దాచాను, తిట్టుకో. ఆస్పత్రిలో ఆఖరి రోజున నువ్వు డాక్టరుతో మాట్లాడటానికి బయటికి వెళ్లావు చూడు, అప్పుడు నాన్న నా మణికట్టు పట్టుకుని, "నేను పోయాక నన్ను ఏ గుంపులోనూ కలపనివ్వకురా. బతికుంటే నేనే కొట్లాడుకునేవాణ్ణి" అన్నాడు. సరే నాన్నా అన్నాను. నీకు ఎందుకు చెప్పలేదంటే, చెబితే నువ్వు నన్ను పట్టుకుని వదలవు. ఆ మాట నిలబెట్టుకునే దమ్ము నాకు లేదని అప్పుడే తెలుసు. ఇప్పుడు నాన్న మాట నిలబెడితే అమ్మ కుమిలిపోతుంది. అమ్మ మాట వింటే నాన్నకి ఇచ్చిన మాట నీళ్లపాలవుతుంది. నాకేమీ తోచడం లేదు. నువ్వైనా ఏదో ఒకటి చెప్పు.

నీ
అన్నయ్య


పిచ్చుకమ్మా,

నీ జవాబు అందింది. ‘అమ్మ ఏడుస్తుందని నాన్నని తాకట్టు పెడతావా’ అని రాశావు. బాగానే ఉంది. దూరాన ఉన్నవాళ్లకి ధైర్యం ఎక్కువ. నువ్వొచ్చి, అమ్మ ఎదురుగా కూర్చుని, ఆ మాట ఆవిడ మొహం మీద అను, చూస్తాను. కోపం తెచ్చుకోకు. వారం రోజులుగా అన్నం దగ్గర అమ్మ నాతో మాట్లాడటం లేదు, ఆ ఉక్రోషం నీ మీద తీర్చుకుంటున్నాను.

మొత్తానికి ఒక దారి దొరికింది. ఆ గడిని ఖాళీగా వదిలేయడం! నాన్నకి ఎవరూ పేరు పెట్టినట్టు కాదు, అమ్మని ఎవరూ కాదన్నట్టూ కాదు. అమ్మ ఆ కాగితం చేతిలోకి తీసుకుని, "ఖాళీ అంటే ఔననీ అన్నట్టు కాదు, కాదనీ అన్నట్టు కాదు, అంతేనా?" అంది. అంతేనమ్మా అన్నాను. "అయితే మిగతాది దేవుడే చూసుకుంటాడు" అని సంతకం పెట్టింది. ఆ తర్వాత నాకు ఇంకాస్త పెరుగు వేసింది. మా పెద్దాయన కూడా, "ఈ తెలివి ఇన్నాళ్లూ ఏమైందయ్యా!" అని భుజం తట్టాడు. చాలా రోజులకి గుండెల మీద బరువు దిగింది. నాకు కూడా ఒక పని చేతనవుతుందని ఒప్పుకో.

నీ
అన్నయ్య


చెల్లీ,

ముద్దుపేరుతో పిలిచే మొహం లేదు నాకు.

పుస్తకం వచ్చింది. నాన్న పేజీ తెరిచాను. మతం అన్నచోట ఖాళీ లేదు. తాతయ్య మతం ఉంది, నల్లటి అక్షరాలతో. అమ్మ అడిగిందీ అదే, నాన్న వద్దన్నదీ అదే. అచ్చు విభాగానికి పరుగెత్తి, కంపోజింగు చూసే ఆవిడ మీద నానా కేకలూ వేశాను. పాపం, ఆవిడ గోడకి అంటించిన సూచనల కాగితం చూపించింది. ‘మతం గడి ఖాళీగా వచ్చినచో తండ్రి మతమును నింపవలెను.’ కింద నా సంతకం.

ఇరవై మూడేళ్ల కిందట నేను పెట్టిన నియమమే అది. జనం బద్ధకంతో గళ్లు వదిలేస్తున్నారని, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అడగలేక, నా పని తేలికవుతుందని పెట్టాను. పెట్టిన సంగతే మరిచిపోయాను. వదిలేసినవాళ్లలో ఒక్కరైనా కావాలని వదిలి ఉంటారన్న ఆలోచన ఇన్నేళ్లలో నాకు రాలేదే! ఎంతమంది నాన్నలని ఇలా నింపేశానో లెక్కలేదు. పెద్దాయన దగ్గర నెత్తీ నోరూ కొట్టుకున్నాను. పుస్తకాలు కట్టలు కట్టి పంపేశాం, సవరణంటే వచ్చే కూర్పులోనే అన్నాడు.

దాచేద్దామనుకున్నాను. కానీ అమ్మ రోజూ అడుగుతోంది, చేతిలో సంచీ కూడా తడిమి చూస్తోంది. ఇవాళ పొద్దున వరండాలో కూర్చోబెట్టి చదివి వినిపించాను. ఆ గడి దగ్గర ఆగి, "నువ్వు కోరిందే వేశారమ్మా" అన్నాను. మొహం వెలిగిపోయింది. మళ్లీ చదవమంది. చదివాను. మూడోసారి చదవబోతుంటే చేయి అడ్డం పెట్టింది.

"ఈయనెవర్రా?" అంది.

"నాన్నే కదమ్మా."

"కాదు. నేను దేవుడి దగ్గర కూర్చున్నప్పుడల్లా పేపరు వెనకాల నుంచి, ‘నా సంగతి ఆయన్ని అడక్కు, పాపం మొహమాటపడతాడు’ అని వేళాకోళం చేసే మనిషి ఏడీ ఇందులో? యాభై రెండేళ్లు ఆ మనిషి కోసం దణ్ణాలు పెట్టాను. ఈయన కోసం కాదు." ఆ పేజీ మీద వేలు పెట్టి, "నేనే అడిగాను, ఔను. అడిగినప్పుడు తెలీలేదురా. మార్పించు" అంది.

ఎలా జరిగిందో, ఎవరి వల్ల జరిగిందో అంతా చెప్పేశాను. పన్నెండేళ్లదాకా మార్చరనీ చెప్పాను. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"పన్నెండేళ్లా? అన్నాళ్లు నేనుండను. సరేలే, ఆ లోపే నేనూ ఆయన దగ్గరికి వెళ్తాను కదా, ఇది నేను రాయించలేదండీ అని ఆయనకి చెప్పుకుంటాను" అంది. పుస్తకం మూసి నా ఒళ్లో పెట్టింది. అంతలోనే మళ్లీ నా వైపు తిరిగింది.

"కానీ ఆయన నమ్మరురా. నేను చెప్పింది ఏనాడు నమ్మారు గనక?"

పొద్దుటి నుంచి ఏడుస్తూనే ఉంది, చెల్లీ. నేను పక్కనే కూర్చుని ఉన్నాను. వీలు చూసుకుని ఒకసారి రా.

నీ
చేతకాని అన్నయ్య