వెనక్కి వేసిన గుప్పెడు

అత్తా,

రేపు నీ సంవత్సరీకం. మన ఎర్రవడ్లు తిరిగొచ్చాయి. ముందు నీకే చెప్పాలని రాస్తున్నాను.

ఆనాడు వరి పరిశోధన సారు విత్తనం అడిగితే, "మా ఇంటి గింజలు సముద్రం అవతల ఎవలికో ఎందుకయ్యా?" అని గొడవ పెట్టుకున్నావు. చివరికి శేరు కొలిచి ఇచ్చి, లక్ష్మి ఇల్లు దాటకుండా అందులోంచి గుప్పెడు తీసి మళ్ళీ గంపలో పోసుకున్నావు. సారు నవ్వాడు.

కరువులో ఆ గంపలోవీ వండుకు తిన్నాం. ఊళ్ళో ఎవరి దగ్గరా ఆ విత్తనం మిగల్లేదు. నువ్వు ఆ బెంగతోనే పోయావు.

ఇవాళ ఆ సారే దేవరకొండ బస్సు దిగి, చిన్న సంచి తెచ్చి చేటలో కుమ్మరించాడు.

"ఫిలిప్పీన్స్‌లో అన్ని దేశాల వరి విత్తనాలు దాస్తున్నారమ్మా. మీవీ అక్కడున్నాయి. అడిగితే పంపారు."

చేట అడుగైనా నిండలేదు. రేపు నీకు పెట్టే అన్నానికి ఇవి దంచను, కోపం తెచ్చుకోకు. దంచితే తిట్టేదానివీ నువ్వే.

సారు ఖాళీ సంచి మడుస్తుంటే, "జర ఆగుండ్రి సారూ" అని గుప్పెడు తీసి అందులో వేశాను.

"మళ్ళీ ఎందుకమ్మా?"

"ఇచ్చినోళ్ళ ఇల్లు గూడ ఖాళీ కావద్దు గద."

ఈసారి సారు నవ్వలేదు. సంచి మూతి దారంతో కట్టుకున్నాడు.